ఊడిరావాల్సిన ముక్కు

వారమంతా పళ్ళు చేస్తాను,
బాలరాట్‌లో, స్టర్ట్ వీధి వెనక మేడమీది ల్యాబులో.
ఎవరివో తెలియని దవడల అచ్చులు
నా ముందు నోళ్ళు తెరుచుకుని కూచుంటాయి.
ఊడకూడదు. నా ఉద్యోగానికి ఉన్నది అదొక్కటే నియమం.
క్రౌను ఊడిందంటే ఫోను మోగుతుంది.

ఆదివారం మాత్రం ముక్కు చేస్తాను.

బాల్సా దిమ్మె, జానెడు కూడా లేదు.
ఏటికొప్పాక వాళ్ళు చూస్తే నవ్వుతారు, ఇదీ ఒక కర్రేనా అని.
గోరు నొక్కితే గుంట పడుతుంది.
తరిమెన లేదు. డ్రిల్లు మిషన్ని బల్లకు బిగించి
దాని నోట కర్ర పెట్టి తిప్పుతాను,
గరుకు కాగితం పట్టుకున్న వేళ్ళు కాలేదాకా.

మొదటిసారి సూదిలా చెక్కాను.
క్లబ్బులో బెరిల్ మెక్‌ఫీ చూసింది.
డెబ్బై దాటిన మనిషి, రైల్వే వర్క్‌షాపులో
చెక్క నమూనాలు చేసి రిటైరయిన చెయ్యి.
"ఎవర్ని పొడుద్దామని?" అంది.
మా చిన్న వేగాలకి మొన అక్కర్లేదట,
కోడిగుడ్డు సన్నకొస చాలట,
గాలి దాన్ని తడిమి పక్కకి తప్పుకుంటుందట.
ముక్కుసూటిగా పోవాలంటే
సూదిగానే ఉండాలని ఇన్నాళ్ళూ ఎందుకనుకున్నానో!
నా మాటలకీ కాస్త గరుకు కాగితం పట్టి ఉండాల్సింది,
ఒకరిద్దరి దగ్గరైనా.

తర్వాత బరువు. తల తేలికైతే
రాకెట్టు తన తోక తానే వెతుక్కుంటూ గింగిరాలు కొడుతుంది.
ముక్కు లోపల గుంట తొలిచి
గాలానికి కట్టే సీసపు గుండ్లు రెండు పెట్టి పూడ్చాను.

చివరికి మెడ.
గొట్టంలో దిగే ఆ అంగుళం దగ్గరే
నా చేతులు మాట వినవు.
అలవాటు కొద్దీ బిగించేస్తాయి, వెంట్రుక దూరకుండా.
బెరిల్ గొట్టాన్ని తలకిందులు చేసి పట్టుకుంటుంది:
దానంతటది జారకూడదు,
ఓసారి విదిలిస్తే నిలవకూడదు.
ఒక చుట్టు టేపు తీస్తాను. మళ్ళీ అరచుట్టు వేస్తాను.

జూన్ నెల. వేసవంతా నిప్పు నిషేధం,
మా ఆకాశం చలికాలంలోనే తెరుస్తారు.
క్రెస్విక్ దారిలో గొర్రెల బీడు, మంచు వదలని గడ్డి.
కిందటిసారి ఇక్కడే బిగువెక్కువై ముక్కు వదల్లేదు.
పారాచూట్ లోపలే ముడుచుకునుంది,
రాకెట్టు నిట్టనిలువునా వచ్చి నేలలో దిగబడింది.
గొర్రెలు మేత ఆపి మరీ చూశాయి.

ఈసారి
పొగగీత ఆగినచోట
టప్పుమన్న చప్పుడు మాదాకా వచ్చేసరికే
ముక్కు విడిపోయింది.
ఎర్ర పారాచూట్ కింద, తాడు కొసన,
బొంగరంలా తిరుగుతోంది.

బెరిల్ ఏమీ అనలేదు.
ఫ్లాస్కు మూత కొంచెం వదులు చేసి
నా చేతికిచ్చింది.