వేలు ఆన్చే చోటు

కాలేజీలు చూసి రావడానికి ఒక పడవ, రెండు బస్సులు.
చిలోయే దీవి దాటేటప్పుడు వాన,
దాటాక కూడా చాలాసేపు వానే.
నాన్న టోపీ తియ్యలేదు,
బస్సులో కునుకు పట్టినప్పుడు కూడా.

మొదటిది ఉత్తరాన, ఎండ కాసే పెద్ద ఊళ్ళో.
అక్కడ రెండేళ్ళదాకా మనిషి నోరు కనబడదు.
ఉక్కు కడ్డీలకు తగిలించిన తలలు వరసగా,
రబ్బరు బుగ్గలు, ప్లాస్టిక్ పళ్ళు,
ఎంత తొలిచినా అబ్బా అనని నోళ్ళు.
మైనం ముద్ద ఇచ్చి దవడపన్ను చెక్కమంటారు.
ప్రొఫెసర్ సాల్దివియా దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసి
ఒక్క మాటా అనకుండా
బొటనవేలితో నొక్కేస్తాడు.
మళ్ళీ చెక్కు.
ఎన్నిసార్లని పక్క కుర్రాణ్ణి అడిగితే
గోళ్ళ సందుల్లో మైనం చూపించాడు.

రెండోది దక్షిణాన, నది ఒడ్డున.
చేపల బజారు వెనక సముద్రసింహాలు అరుస్తుంటే
తరగతి కిటికీలు మూసుకుంటారు.
గుండ్రటి బల్ల, ఎనిమిది మంది, ఒక కాగితం:
"వయసు యాభై రెండు. సాల్మన్ ఫ్యాక్టరీలో పని.
ఎడమ దవడ మూడు నెలలుగా నొప్పి.
ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"
చీము అన్నారు ఒకరు. భయం అన్నారు ఇంకొకరు.
షిఫ్టు వదిలితే కూలి పోతుంది, అంది
మూలన కూర్చున్న పిల్ల.
ఒకడు మాత్రం, నాకు తెలియదు, అన్నాడు.
హిమేనా మేడమ్ ఆ మాటనే
బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది.
జవాబు మాత్రం చెప్పలేదు, గంట కొట్టేదాకా.

నేను ఆ గంటసేపూ నోరు విప్పలేదు.
ఆ కాగితంలో ఉన్నది మా అమ్మ.
పేరు మార్చడం కూడా అక్కర్లేదు, పేరే లేదు గనక.

తిరుగు ప్రయాణంలో నాన్న అన్నాడు:
"మా మావయ్య దగ్గర రెండేళ్ళు చెక్కలు పాడుచేశాను.
నేను కట్టిన మొదటి పడవ కారింది.
అందులో మొదట కూర్చున్నది ఆయనే.
ఆ రెండు చోట్లా ఎవరి చెక్క పాడుచేస్తావో
కనుక్కున్నావా?"

కనుక్కోలేదు.

అందరూ నది ఒడ్డుదే మేలన్నారు.
బడిలో సైన్సు టీచరు, పక్కింటి నర్సు, నా లోపలి సగం.
నానమ్మ ఎదువినా పళ్ళ సెట్టు జామ్ సీసాలో ఉంటుంది.
ఆదివారం ప్రార్థనకి, ఫోటోలకి మాత్రం బయటికొస్తుంది.
ఎప్పుడో వచ్చిన ఆస్పత్రి వ్యాన్లో
ఒక్క మధ్యాహ్నం పదకొండు పళ్ళు తీసేశారట.
"చెయ్యి తిరిగినవాడే, నొప్పే తెలియలేదు.
అడగడమే, అడగలేదు," అంటుంది,
బంగాళాదుంప తొక్క తీస్తూ.

అయినా
ఆ ఎండ ఊళ్ళో, మేం బయల్దేరబోతుంటే,
సాల్దివియా నా మణికట్టు పట్టుకుని
ఉంగరపు వేలిని ప్లాస్టిక్ పన్ను మీద ఆన్చాడు.
"ఇది ఇక్కడ నిలబడాలి.
ఇది నిలబడకపోతే
డ్రిల్లుకి ఎక్కడ ఆగాలో తెలియదు."
ఐదు సెకన్లు. అంతే.
ఆ ఐదు సెకన్లూ నా చెయ్యి నాది కాదు,
తర్వాత ఎప్పుడూ లేనంతగా నాదైంది.

ప్రశ్న మా ఇంట్లో ఉంది.
రోజూ సాయంత్రం చేపల వాసనతో
ఎడమ చెంప పట్టుకుని వస్తుంది.
చెయ్యే లేదు మా దగ్గర.
తప్పు లెక్కేమో. చాలామంది తప్పనే అంటారు.

దరఖాస్తులో మొదటి ఇష్టం అనే గడి నింపేటప్పుడు
ఉంగరపు వేలు బల్ల అంచున ఆన్చి ఉంది,
నేను ఆన్చమని చెప్పకుండానే.

ఏది రాశావని నానమ్మ అడిగింది. చెప్పాను.
ఆమె లేచి వెళ్ళి సీసా మూత తీసి,
మంగళవారం నాడు, పళ్ళు పెట్టుకుని,
తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.
"అక్కడ వాన తక్కువట కదా.
గొడుగు మాత్రం తీసుకెళ్ళు."