చెక్క ఇంజిన్

జీలాంగ్ ఉత్తరాన, నెరిడా షెడ్డులో
ముప్ఫైనాలుగు నాటి ఫోర్డు
మూడు వారాలు
ప్లైవుడ్ ఇంజిన్‌తో నిలబడింది.

నేనే కోసి మేకులు కొట్టాను.
ఇనుముని ఎత్తి దింపి, ఎత్తి దింపి
నడుం పోగొట్టుకోవడం ఎందుకని
పొడవూ వెడల్పూ సరిపోయే పెట్టె.
గేర్‌బాక్సు బదులు పెయింటు డబ్బా.

నిజానికి దాని వీ-ఎయిట్ దానికుంది.
స్టావ్రోస్ ఎర్ర రంగు పూసి, తుడిచి,
తెల్ల పొడి చల్లాడు.
వాల్వు గూటి నుంచి సిలిండర్ దాకా
వెంట్రుకంత గీత ఎర్రగా పైకి తేలింది.
నెరిడా టోపీ తీసి
మళ్లీ పెట్టుకుంది.

ఇక సలహాలు.
షెవీ వెయ్యి, అన్నారందరూ,
మూడొందల యాభై, చవక,
బోల్టు దగ్గర్నుంచి బజార్లో దొరుకుతుంది.
చెక్కని ఆ కొలతకి కోసి దించాం.
ఈ దేశంలో స్టీరింగు కుడివైపు.
దాని స్టార్టరూ కుడివైపే.
ఒక ఒర, రెండు కత్తులు.

అప్పుడు చెప్పింది, కాస్త నసుగుతూ,
పెరట్లో టార్పాలిన్ కింద
రొట్టెల వ్యానులోంచి తీసిన హోల్డెన్ సిక్స్ ఉందని.
"ఇరవైరెండేళ్లు, తెల్లారుజామున మూడింటికి
దాని పక్కనే కూర్చున్నాను.
జబ్బు చేసేముందు ఎలా దగ్గుతుందో తెలుసు.
షెవీ దగ్గు నాకేం తెలుసు?"

రొట్టెల బండి ఇంజినా, అని క్లబ్బులో నవ్వారు.
నవ్వనీ.

కానీ అది పొడుగు.
చెక్క మళ్లీ కోశాను.
ముందు రేడియేటర్‌కి తగిలింది,
వెనక జానెడు చాలలేదు.
ఫైర్‌వాల్ కొయ్యాలి. తొంభై ఏళ్ల రేకు.
గ్రైండర్ పట్టుకుని నిలబడిపోయాను.
ఆమె సీట్లో కూర్చుని కాళ్లు చాపింది,
పెడళ్లు ఇంకా బెత్తెడు దూరం.
"నావి పొట్టి కాళ్లు.
ఆ జాగా ఎలాగూ నాకు దండగ. కొయ్యి."

నిన్న అసలుది దించాం.
గొలుసు కిర్రుమంటూ ఉంటే
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ఆఖరి బోల్టు దూరనని మొరాయిస్తే
మోకాలితో ఒక్కటిచ్చింది, దూరింది.
ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య
నా చిటికెనవేలు పడుతుంది.
ఆమెది పట్టదు.

ఇంకా వైర్లు రావాలి, పెట్రోలు గొట్టం రావాలి.
చెక్కదాన్ని పొయ్యిలో పెడదామంటే
వద్దని దాని మీద కెటిల్ పెట్టింది.
కెటిల్ పక్కన మిగిలిపోయిన బోల్టొకటి,
ఎక్కడిదో
ఇద్దరం ఒకళ్లనొకళ్లం అడగలేదు.