మూడో మలుపు

గెలుపు గీత దగ్గర ఎన్నడూ నిలబడలేదు న్తాతే థెకో.
అక్కడ చప్పట్లకి ఊరంతా ఉంది,
కొండమీది చర్చి ముందు పాస్టరున్నాడు, ఇత్తడి గంట ఉంది.
మా మాస్టారు మాత్రం మూడో మలుపులో,
ఇంకా అరమైలు ఎక్కాలనగా,
కాళ్లు మనవి కాకుండా పోయే చోట
బూడిదరంగు దుప్పటి కప్పుకుని
ఒక రాయికి ఆనుకుని ఉండేవాడు.
"భుజాలు దించు!"
అంతే. ఆ ఒక్క మాట.
అందరికంటే ముందొచ్చే లిమఖత్సోకీ అదే,
అందరూ పోయాక, గొర్రెలు కూడా దాటిపోయాక
వగరుస్తూ వచ్చే నాకూ అదే.

చెప్పేది లెక్కలు.
వాలంటే ఏమిటి సార్ అని అడిగితే
నల్లబల్ల వైపు తిరగలేదు, కిటికీ తెరిచాడు.
"అదిగో. రేపు పొద్దున మీ పిక్కలు చెబుతాయి."
చెప్పాయి.
ఇప్పుడు ఉన్ని కొట్టంలో తూకాలు రాసుకునే నాకు
ఎత్తుని దూరంతో భాగించడం
ఈనాటికీ పిక్కల్లోంచే వస్తుంది.

జూలై మంచులో
అన్న గంబూట్లలో పాత పేపరు కుక్కుకుని పరిగెత్తేదాన్ని.
ఒకసారి ఆ తడి పేపరు బయటికి లాగి
పొయ్యి దగ్గర ఆరబెట్టి
అందులోని మొక్కజొన్న ధరలతో శాతాలు కట్టమన్నాడు.
కట్టాను. తప్పుగా.

మంచివాడు అంటారందరూ. నేనూ అంటాను.
కానీ లిమఖత్సో బడి మానేసి
మపుత్సోయెలో జీన్సు కుట్టే ఫ్యాక్టరీకి పోతానన్న రోజు
తరగతంతా వింటుండగా అరిచాడు,
"ఆ కాళ్లు నీ ఒక్కదానివే అనుకున్నావా?"
ఆమె ఏడవలేదు.
"ఇంట్లో ఐదు నోళ్లు కూడా నావే సార్."
పన్నెండు రోజులకి ఆయన బస్సెక్కి వెళ్లి
మధ్యాహ్నం కూత వేసేదాకా
ఫ్యాక్టరీ గేటు బయట నిలబడ్డాడట.
ఏమన్నాడో ఇప్పటికీ చెప్పదు.
చేతిలో పెట్టిన పీచు పళ్ల సంచి గురించి మాత్రం చెబుతుంది,
సగం నలిగిపోయాయని.

"రెండడుగులకి లోపలికి, మూడడుగులకి బయటికి.
ఊపిరి అప్పులాంటిది,
తీసుకోవడం గబగబా, తీర్చడం నిదానంగా."
మేం నవ్వేవాళ్లం.
నవ్వు అయ్యేదాకా ఆయన దగ్గేవాడు.
ఆదివారం ప్రార్థనకి రాడని
పాస్టరుకి లోపల్లోపల కోపం.

మొన్న ఆయనింట్లో టీ కలుపుతున్న భార్యని అడిగాను,
ఏదో గొప్ప సంగతి వినబోతున్నట్టు:
"ఎందుకమ్మా, ఎప్పుడూ ఆ మలుపులోనే?"
"అక్కడిదాకే నడవగలిగేవాడు.
బడికి రాకముందు పదకొండేళ్లు వెల్కమ్ బంగారు గనిలో.
ఛాతీ నిండా రాతిదుమ్ము. నీకు తెలీదూ?"
పంచదార ఎన్ని చెంచాలని అడిగింది.
ఇరవై ఏళ్లుగా ఆ రాయి మీద
నేనొక నీతిపాఠం కట్టుకుని కూర్చున్నాను.
ఆయనకది ఒట్టి ఆయాసం.
రెండు చెంచాలన్నాను.

శనివారం శవపేటిక కొండెక్కింది.
మూడో మలుపులో మోసేవాళ్ల అడుగు తడబడింది,
ఆరుగురూ ఒకప్పుడు ఆయన దగ్గర పరిగెత్తినవాళ్లే.
పూట సెలవు పెట్టి వచ్చిన లిమఖత్సో
గుంపులోంచి గట్టిగా అరిచింది:
"భుజాలు దించు!"
ఆరుగురూ బిత్తరపోయారు.
ఆయన్ని మోస్తూ ఎలా దించుతారు?
ముందు ఎవరో కిసుక్కుమన్నారు,
తర్వాత అందరం, చివరికి పాస్టరు కూడా,
కళ్లు తుడుచుకుంటూ నవ్వాం.
రెండడుగులకి లోపలికి, మూడడుగులకి బయటికి
పేటిక మళ్లీ కదిలింది.
ఆ మలుపు దాటి పైకి పోవడం
ఆయనకదే మొదటిసారి.

నేను అందరికంటే వెనక. అలవాటే.
రాయి దగ్గర ఎవరూ లేరు.
ఆగాను.
దించాను.