ముందున్న సున్నా

కుతాయిసిలో రాత్రి రెండుంపావు.
రియోని మీద కురుస్తున్న వాన
సర్వర్ గది ఫ్యాన్ల హోరులో వినబడదు.
ఫోన్లో ఎతేరి, జుగ్దిది ఆసుపత్రి నర్సు:
"కెల్, డఫీ రెండూ లేని ఓ నెగెటివ్ కావాలి, లియానా."
అని, అలవాటుగా లెక్క మొదలెట్టింది.
ఒకటి, రెండు, మూడు...
నలభై ఏడు దాకా లెక్కపెడితే గాని
మా బ్లడ్ బ్యాంకు నోరు విప్పదు.

సంచీ దొరికింది. అంబులెన్సు వెళ్ళింది.
నాకే నిద్ర పట్టలేదు.

క్వెరీ నడిచే దారిని తెర మీద పరిచాను.
పదకొండు టేబుళ్ళు, ఒకదానితో ఒకటి వియ్యం.
దాత, సంచీ, సంచీ ఉన్న ఫ్రిజ్, ఫ్రిజ్ ఉన్న ఊరు,
పరీక్షలు, పరీక్ష చేసిన చేతులు.
కావలసింది ముగ్గురు.
పిలిచింది నలభై లక్షల వరసల్ని.
అందర్నీ లోపలికి రానిచ్చి, కూర్చోబెట్టి,
ఊరూ పేరూ అడిగి
ఆఖర్న "మీరు కాదు, వెళ్ళి రండి" అనడం!
రక్తం గుంపేదో గుమ్మంలోనే అడగొచ్చుగా.

ప్లానర్ పాపం పాత అంచనాల్లోనే ఉంది,
మీసాలొచ్చిన కుర్రాడికి
ఒకటో తరగతి కొలతలతో చొక్కా కుట్టే దర్జీలా.
కొలతలు మళ్ళీ తీయించాను.
ఒక టేబుల్ నిండా పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల పేర్లు.
దాన్నెవరూ ఏమీ అడగరు,
అయినా ప్రతి రాత్రీ తలుపు తట్టి వస్తున్నాం.
జాయిన్ తీసేశాను. ఎవరూ ఏడవలేదు.

నలభై ఏడు, ముప్ఫై ఒకటయింది. అంతే.

ముల్లు ఇంకెక్కడో ఉంది.
దాత నంబరు ఒక చోట అంకె, ఒక చోట అక్షరం.
ఇక్కడ 417. అక్కడ 00417.
ప్రతి వరసనూ మార్చి చదివి, పోల్చి, పారేసి...
ఇండెక్స్ ఉండీ దండగ,
తాళంచెవి మొలలో పెట్టుకుని గోడ తవ్వుతున్నట్టు.

"సున్నాలు కొట్టెయ్," అన్నాడు తెంగిజ్.
"ముందున్న సున్నాకి విలువేముంది,
బళ్ళో చెప్పలేదా?"
చెప్పారు. కొట్టెయ్యబోయాను కూడా.
కానీ ఒక 417కి ఇద్దరు మనుషులొచ్చారు.

ఒజుర్గేతి బ్యాంకు మాలో కలిసిన ఏడాది
వాళ్ళ కార్డులకి ముందు రెండు సున్నాలు తగిలించారట.
ఒకరు కుతాయిసి రొట్టెల బట్టీ మనిషి.
ఇంకొకరు తేయాకు తోట డ్రైవరు.
ఇన్నాళ్ళూ ఇద్దరొచ్చినప్పుడల్లా
ఎతేరి ఇంటిపేరడిగి విడదీసేదట.
మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అటక మీంచి అట్టపెట్టెలు దించి
మూడు వారాలు, తుమ్ముకుంటూ, తిట్టుకుంటూ
ఎవరి సున్నాలు వాళ్ళకిచ్చేశాం.

మళ్ళీ ఒక రాత్రి, ఫోన్.
"ఒకటి..." అంది ఎతేరి.
జవాబు వచ్చేసింది.
అవతల కాసేపు ఊపిరి మాత్రమే.
"సరిగ్గా వెతికిందా?"
"వెతికింది."
"ఇంకోసారి నడుపు."
నడిపాను. అదే మనిషి.
"ఇంటిపేరు?"
"గబూనియా."
"నంబరు చెప్పు, నెమ్మదిగా."
"సున్నా," అన్నాను.
కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు.
"ఊఁ."
"సున్నా."