టికెట్ వెనక రాసిన చిల్లర

ఆదివారం తెల్లారగట్ల ఒక గోలీ.
పరిగడుపున, గ్లాసు నిండ నీళ్లతోని.
మింగినంక అర్ధగంట పండొద్దు, ఒరగొద్దు, చాయ తాగొద్దు.
నిలవడాలె.

నాకు నవ్వొచ్చింది.
ఇరవై మూడేండ్లు నిలవడ్డదాన్ని నేను,
హన్మకొండ నుంచి ఏటూరునాగారం దాక
ఒక చెయ్యి రాడ్డుకు, ఒక చెయ్యి టికెట్ మిషన్‌కు,
జాతర రోజులల్ల గాలికి కూడ జాగలేని బండిల.
నిలవడుడు నాకు నేర్పాల్నా?

నాలుగు ఆదివారాలు నిలవడ్డ.
ఐదో ఆదివారం
ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా
నా గొంతులనే దించినట్టు మంట.
మంచినీళ్లు కూడ కారం.

పడలే, జారలే.
సగం బకెట్ ఎత్తిన, నడుంల ఏదో పుటుక్కుమన్నది.
మిషన్ కింద పండబెట్టి
ఒక అంకె చేతిల పెట్టిన్రు: మైనస్ మూడు పాయింట్ రెండు.
మైనస్ అంటే నాకు తెల్వదా,
డిపోల క్యాష్ తక్కువొస్తే జీతంల కోసేటోళ్లు.

సారంగన్న, పదేండ్లు నా బండికి స్టీరింగ్ పట్టినాయన,
కాజీపేట రైలుకట్ట కంచె మీది నల్లేరు కోసి
గుడ్డసంచిల తెచ్చిండు.
"గోలీలు బంద్ చెయ్యి చెల్లె,
మా అమ్మ కాలు ఇదే అతికిచ్చింది."
అప్పుడు అమ్మ వయసెంతనే?
"ముప్పై ఉండొచ్చు."
ముప్పైల ఎముక దేనికైనా అతుకుతదన్నా —
అందామనుకున్న. అనలే.
అంత ఎండల సైకిల్ తొక్కుకుంట వచ్చిండు.

చేతులకు నూనె రాసుకొని కణుపులు తుంచిన,
నార తీసిన, అయినా రాత్రి దాక దురద.
నువ్వులు, చింతపండు ఏసి నూరిన. మంచిగైంది.
నల్లేరు మీద బండినడక అంటరు కద,
చక్రం కింది నల్లేరును ఎవ్వలన్న అడిగిన్రా.

మా ఆడిబిడ్డ కనకలక్ష్మి కోడిగుడ్డు పెంకు దంచి తినుమన్నది.
చౌరస్తాల ఒకాయన మూడువేలకు తైలం అమ్మిండు,
ఇరవై ఒక్క రోజులకు ఎముక ఉక్కు అయితదట.
ఉక్కును నేను చూడలేదా?
మా డొక్కు బండి అడుగున పొరలు పొరలుగ రాలేది.
అయినా కొన్న. భయం బేరమాడనియ్యది.

నస్రీన్ మేడమ్ నా సంచి మొత్తం టేబుల్ మీద బోర్లిచ్చింది.
తైలం పక్కకు జరిపింది.
పచ్చడి డబ్బ మూత తీసి వాసన చూసి
"మా నానమ్మ చేసేది" అన్నది.
తిను, రాగులు తిను, ఎండల నడువు,
కాని వీటిని మందు లెక్కల రాయకన్నది.
గోలీ పడకపోతే సూది ఉంది, ఏడాదికొకటి,
గొంతుతోని పనిలేదు.
రెండ్రోజులు జ్వరం రావొచ్చు.
ఎక్కడో ఒకరికి దవడ ఎముక పాడైతది,
ముందుగాల ఆ పుచ్చిన పన్ను తీపిచ్చుకో.

ఒకరంటే ఎంతమందిల ఒకరు?
"వేలకు వేలల్ల."
మందే వద్దంటే, నా అసొంటోళ్లల్ల మళ్ల విరిగేది ఎందరికి?
ఆమె వేళ్లు ముడుసుడు మొదలువెట్టింది.
రెండో చేతికి పోకముందే చాలన్న.

రూపాయి చిల్లర లేకుంటే
టికెట్ వెనక రాసిచ్చేదాన్ని, దిగేటప్పుడు అడుగుమని.
సగం మంది మరిచి దిగిపోయేటోళ్లు.
ములుగు కాడ ఒక ముసలామె
దిగి, బండి కదిలినంక, టికెట్ పట్టుకొని ఉరికొచ్చింది.
సారంగన్న బ్రేక్ కొట్టిండు.
రెండు రూపాయలు.
ఆమె నడుం అప్పటికే వంగి ఉన్నది,
నేను కిటికీలకెల్లి చిల్లర ఇచ్చిన్నే గని
ఆ నడుం చూడలే.

మంగళవారం పన్ను తీపిచ్చుకున్న.
పుండు మానినంక సూది. తారీఖు ఇంక ఇయ్యలే.
తైలం సీసా తలుపు కీలుకు పనికొచ్చింది.

ఇయ్యాల ఆదివారం. గోలీ లేదు.
అలవాటుకొద్ది తెల్లారగట్లనే లేచి
వాకిట్ల నిలవడ్డ,
ఎండ పాదాల మీదికి వచ్చేదాక,
గోడ పక్కనే ఉన్నా ఒరగకుంట.