చిల్లుల కాగితం

బల్లార్షలో గాలికి ఎప్పుడూ ఉడికిన వెదురు వాసన.
చుట్టాలు వచ్చిన రోజు ముక్కు మూసుకునేవాళ్లు,
మూడో రోజుకి మరిచిపోయేవాళ్లు.

మిల్లు ఆఫీసర్ల క్లబ్బులో
బిలియర్డ్స్ బల్ల వెనక
ఎవరూ వాయించని పియానో ఒకటి.
కింద తొక్కుడు పలకలు రెండు, కుట్టుమిషనుకి ఉన్నట్టే.
ఛాతీలో చిల్లుల కాగితపు చుట్ట.
తొక్కితే చాలు,
ఎవరో కనపడని మనిషి మెట్లు దిగుతున్నట్టు
మీటలు వాటంతటవే కుంగి లేచేవి.
మా తమ్ముడు దయ్యమని ఏడ్చాడు.
నేను ఏడవలేదు. మళ్లీ తొక్కమన్నాను.

దుర్గం ఎలీషా సారుకి కుడిచేతికి మూడే వేళ్లు.
ఉంగరపు వేలు, చిటికెన వేలు
కటింగు సెక్షన్ తీసుకుంది.
"ఏ బళ్లె పోరని నోటుబుక్కుల ఉన్నయో" అనేవాడు నవ్వి.
మిల్లు ఆయన్ని క్లబ్బుకి వాచ్‌మన్ చేసింది.
ఆదివారాలు, దొరలు నిద్ర లేవకముందు
మేం నలుగురం:
నేను, సుందిళ్ల రాజమణి, వాఘ్‌మారే వాళ్ల కవలలు.

"ఒత్తకు బిడ్డా, ఉత్తగ చెయ్యి పెట్టు.
అదెటు దిగితె నీ వేలు అటు దిగాలె.
వాగుల ఆకు తీరు."

నెలంతా మేం ఆకులమే.
యంత్రం తప్పు చేయదు, కోప్పడదు,
మనకోసం ఆగదు కూడా.
రాజమణి వెనకబడితే సారు పక్కనున్న పుల్ల జరిపేవాడు;
పాట ఎద్దుబండి ఎక్కేది.

రెండో నెల గిన్నెలో అన్నం మెతుకులు తెచ్చాడు.
కాగితాన్ని కిటికీకి ఎత్తి పట్టి
వెలుతురు చుక్కల్లో ఒకదాన్ని ఎంచి
మెతుకు మెదిపి, కాగితం ముక్క అంటించాడు.
ఏం చెప్పలేదు. తొక్కడం మొదలుపెట్టాడు.
ఆ చోటు వచ్చేసరికి
పాటలో పన్ను ఊడింది.
రెండోసారి ఊడబోయేలోపు
నా వేలు దిగిపోయింది,
నన్ను అడక్కుండానే.

తర్వాత వారానికి రెండు చిల్లులు, నాలుగు, పది.
పాటకి మెతుకులెందుకని మా అమ్మ సణుగుడు.
వానాకాలం చీమలు పట్టి మూడు మెతుకులు తినేశాయి;
ఆ ఆదివారం మూడు స్వరాలు
మావీ యంత్రానివీ ఒకేసారి పలికి
కవలలు పొట్ట పట్టుకుని నవ్వారు.

క్లబ్బు కప్పు కూలిన ఏడు
పియానోని తూకానికి అమ్మేశారు.
చుట్ట మాత్రం సారు నా చేతిలో పెట్టాడు.
ఎండకు పట్టి చూశాను.
అంతా మాసికలు,
చివరికి దగ్గర్లో, కుడివైపు అంచున
ఒక్క చుక్క వెలుతురు.
"ఇది మరిచినవ్ సార్."
"మరువలే. అది నాది.
గా చిటికెన వేలు పని.
కాలుతోనే వాయించుకున్న ఇన్నేండ్లు."

ఇప్పుడు సిరొంచ బళ్లో నాదొక కీబోర్డు,
రెండు మీటలు పలకవు.
అదే పాట నేర్పుతాను.
ఆ చోటికి వచ్చినప్పుడు చెయ్యి ఎత్తేస్తాను;
పిల్లలూ ఎత్తేస్తారు,
పాటంటే అలాగే ఉంటుందనుకుని.

నిరుడు కొత్తగా చేరిన పిల్ల ఒకతి
ఆగకుండా ఆ మీట నొక్కేసింది.
నేనేమీ అనలేదు.
బల్ల కింద నా కాలు
ఎందుకో కదులుతూనే ఉంది.