మీరు కోరిన వారి పేరున గానీ

పదకొండేళ్లుగా కొడుతున్నాను ఆ వాక్యాన్ని:
"మీ పేరున గానీ, మీరు కోరిన వారి పేరున గానీ
రిజిస్టరు చేయించగలవాడను."
వేళ్లకు అలవాటైపోయి
మనసెప్పుడూ దాని దగ్గర ఆగలేదు.
గుంటూరు రిజిస్ట్రారాఫీసు ఎదురు సందులో
రైటరు గారి షాపు,
ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా
నా టిఫిన్ డబ్బానే బరువు.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయి
ఊరికే కూర్చున్నప్పుడు తట్టింది:
ఈ ఊళ్లో సగం మేడలు
ఆ గానీకీ ఈ గానీకీ మధ్య సందులోంచి లేచినవేనని.

నల్లపాడు రోడ్డులో నూట యాభై గజాలు.
రిటైరైన లైన్‌మన్ గోలమారి ఇన్నారెడ్డి గారిది.
గజం పద్నాలుగు వేలు, రూపాయి తగ్గనన్నాడు.
గాజులు తాకట్టు కొట్లో పెట్టి
యాభై వేలు బయానా ఇచ్చాను.
గడువు నలభై అయిదు రోజులు.
అగ్రిమెంటు నేనే కొట్టుకున్నాను.
కొనేవారి దగ్గర
నూతక్కి సువర్చల అని పడగానే
చెరిపి మళ్లీ కొట్టాను.
తప్పేం లేదు, ఊరికే.

ముప్పయ్యేళ్ల ఈసీ తీయించాను.
లింకు డాక్యుమెంట్లు అక్షరం అక్షరం చదివాను.
టేపు మాత్రం పట్టలేదు.
కాగితం మీద ఉన్నది
నేల మీద ఉండకేం చేస్తుందనుకున్నాను.
కాగితాల మనిషిని మరి.

ఒకాయన వీధిపోటన్నాడు.
ఒకావిడ వస్తానంది, వస్తానంది,
ఫోనెత్తడం మానేసింది.
ముప్పయ్యో రోజు నుంచి
నిద్రలోనూ చెక్కుబందీయే:
తూర్పున గడువు, దక్షిణాన గడువు,
పడమర, ఉత్తరం చదివేలోగా మెలకువ.

ముప్పయ్యారో రోజు
వడ్రంగి పొన్నెకంటి వీరబ్రహ్మం వచ్చాడు,
వెనకే భార్య నాగేంద్రం.
గజం పద్నాలుగు వేల ఆరొందలకు సరేనన్నాడు.
తొంభై వేలు మిగులుతాయి!
అప్పుడు తీశాడు నడుముకున్న టేపు.
గుమ్మానికి కొలిచినట్టు
చెప్పులిప్పి, వంగి, రెండుసార్లు కొలిచాడు.
"అమ్మా, అయిదు గజాలు లేదు."
పడమటింటి గోడ
ఎప్పుడో ఒకరాత్రి నడిచొచ్చింది.

ఉన్నదానికే డబ్బులంటాడు బ్రహ్మం.
"నేనమ్మింది నా జాగా, ఆయన టేపుని కాదు,
ఇరవయ్యొక్క లక్షలు" అంటాడు ఇన్నారెడ్డి.
ఇద్దరిదీ న్యాయమే.
ఆ రెండు న్యాయాల మధ్య
కాలిక్యులేటరు నొక్కుతూ నిలబడ్డాను.
తొంభైలో డెబ్బై మూడు పోయాయి.

నలభై రెండో రోజు రిజిస్ట్రేషను.
నాగేంద్రం ఫోటోకి కళ్లు మూసింది,
మళ్లీ తీశారు.
అమ్మినవారు ఒకరు, కొన్నవారు ఇద్దరు.
నేను ఆ 'మీరు కోరిన'లో మీరుని.
కొత్త దస్తావేజులో ఆ మీరు ఎక్కడా ఉండదు.
చివరి పేజీలో
రెండో సాక్షి చోట సంతకం పెట్టాను.

సోడా బండి దగ్గర ఇన్నారెడ్డి గారు అడిగారు,
"ఎంత మిగిలిందే నీకు?"
చెప్పొద్దని రైటరు గారు వంద సార్లు చెప్పారు.
చెప్పేశాను: పదిహేడు వేలు,
గాజుల వడ్డీ పోతే పదిహేను వేల ఆరొందలు.
ఆయన ఏమీ అనలేదు.
సోడా డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చాడు.

రాత్రి గాజులు తొడుక్కుని లెక్క వేసుకున్నాను.
డెబ్బై మూడు వేలకి
అయిదు గజాలు కొన్నది నేనే.
జన్మలో నేను కొన్న మొదటి నేల,
ఎక్కడా లేనిది.
తూర్పు: వీరబ్రహ్మం దంపతుల ఇల్లు, కట్టబోయేది.
పడమర: ఎవరిదో గోడ.
ఉత్తరం, దక్షిణం
రేపు టేపు కొనుక్కుని వెళ్లి చూస్తాను.